మందు అక్కడికి చేరింది, సరే. ఎంతసేపు ఉంది?

డాప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఉంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ బ్యాక్టీరియాను ల్యాబ్‌లో అతి తక్కువ గాఢతతోనే చంపేస్తుంది. చర్మ ఇన్ఫెక్షన్ల మీద బాగా పనిచేస్తుందని 2003లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. కానీ న్యుమోనియా రోగుల మీద జరిపిన ట్రయల్స్‌లో మాత్రం పాత మందైన సెఫ్ట్రయాక్సోన్‌కు అది సరితూగలేకపోయింది. మందులో లోపం లేదు, బ్యాక్టీరియా మొండికేయనూ లేదు. చిక్కంతా చోటుతోనే వచ్చింది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా వాటి లోపలివైపు సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థం పలుచగా పరుచుకుని ఉంటుంది. డాప్టోమైసిన్ బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వులోకి దూరి దాన్ని చంపే మందు. సర్ఫాక్టెంట్ కొవ్వు కనపడగానే దానికీ అతుక్కుపోతుంది. ఇక బ్యాక్టీరియా మీద పనిచేయడానికి మిగిలేది ఏమీ ఉండదు. ఈ కారణం 2005లో బయటపడింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. స్టెఫిలోకోకస్ అనే మరో బ్యాక్టీరియా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకి గడ్డలు కట్టిన జంతువుల్లో ఇదే డాప్టోమైసిన్ పనిచేసింది. ఆ గడ్డలు గాలిగదుల్లో కాక కణజాలంలో ఉంటాయి, అక్కడ సర్ఫాక్టెంట్ ఉండదు. కాబట్టి "ఊపిరితిత్తుల్లో ఈ మందు పనికిరాదు" అన్న మాట కూడా సగం నిజమే. ఇన్ఫెక్షన్ ఉన్న చోటు అంటే అవయవం పేరు చెబితే సరిపోదు. ఆ అవయవంలో ఏ అరలో బ్యాక్టీరియా ఉందో, అక్కడ మందు ఏ రూపంలో, ఏ గంటకు ఎంత ఉందో తెలియాలి. యాంటీబయోటిక్‌ల అధ్యయనంలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. మందుల ప్రచారంలో తరచూ కనిపించే "కణజాలంలోకి ఇంత శాతం చేరుతుంది" అనే ఒంటరి అంకె ఈ ప్రశ్నకు జవాబు కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ల్యాబ్ రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కల్చర్ రిపోర్టులో మందు పేరు పక్కన "సెన్సిటివ్" అనో "రెసిస్టెంట్" అనో ఉంటుంది. దాని వెనక ఉన్న కొలత పేరు ఎమ్‌ఐసీ. అంటే బ్యాక్టీరియా కంటికి కనపడేంతగా పెరగకుండా ఆపగల కనీస గాఢత. వరసగా కొన్ని గొట్టాల్లో పోషక ద్రవం పోసి, ఒక్కో గొట్టంలో మందు గాఢతను రెట్టింపు చేసుకుంటూ వెళ్తారు. ప్రతి దాంట్లో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బ్యాక్టీరియాను వేస్తారు. దాదాపు ఒక రోజు ఆగి చూసి, మబ్బు పట్టని మొదటి గొట్టం ఏదో గుర్తిస్తారు. అంతే.

పరీక్ష సులభం, చవక, ప్రపంచమంతా ఒకేలా చేయవచ్చు. దాని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గొట్టంలో రోజంతా మందు గాఢత మారదు. ఆక్సిజన్, ఆహారం పుష్కలంగా ఉంటాయి, ఆమ్లత్వం ఉండదు, తెల్ల రక్తకణాలు ఉండవు, ప్రొటీన్లు దాదాపు ఉండవు. శరీరంలో వీటిలో ఒక్కటీ నిజం కాదు. చీముగడ్డలో మిల్లీలీటరుకు 10 కోట్లు, ఆ పైన కూడా బ్యాక్టీరియా ఉండవచ్చు. వాటిలో చాలావరకు ఆకలితో, పెరుగుదల దాదాపు ఆపేసి ఉంటాయి. పెన్సిలిన్ లాంటి మందులు కణగోడ కడుతున్న బ్యాక్టీరియానే చంపగలవు. కట్టడమే ఆపేసిన దాని మీద వాటి ప్రభావం బాగా తక్కువ. పైగా ఎమ్‌ఐసీ చివరి ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. బ్యాక్టీరియా రెండు గంటల్లోనే చచ్చిందా, ఇరవై గంటలు పట్టిందా, మధ్యలో తగ్గి మళ్లీ పెరిగిందా అన్నది అందులో కనిపించదు.

ఆ లోటు తీర్చడానికి టైమ్-కిల్ పరీక్ష చేస్తారు. మందు వేశాక రెండు, నాలుగు, ఎనిమిది, ఇరవై నాలుగు గంటలకు ఇలా కొంత ద్రవం తీసి, బతికున్న బ్యాక్టీరియాను లెక్కపెడతారు. ఎమ్‌ఐసీ ఒకటే అయిన రెండు మందులు ఇక్కడ పూర్తిగా వేర్వేరు దారుల్లో నడవడం మామూలే. ఒకటి మొదటి గంటలోనే 99 శాతాన్ని తుడిచిపెడుతుంది. మరొకటి గాఢత ఎంత పెంచినా తన వేగంతోనే పోతుంది.

గంటలు లెక్కపెట్టే మందులు, ఎత్తు చూసే మందులు

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించారు. ముఖమంతా ఇన్ఫెక్షన్ పాకి ఒక కన్ను పోయిన మనిషి కొద్ది రోజుల్లోనే తేరుకోసాగాడు. మందు చాలక, ఆయన మూత్రంలో పోయిన పెన్సిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఎక్కించారు. చివరికి నిల్వ మొత్తం అయిపోయింది. ఇన్ఫెక్షన్ తిరగబెట్టి మార్చి 15న ఆయన చనిపోయాడు. పెన్సిలిన్ కరువు గురించి ఈ కథ చాలామంది చెబుతారు. నాకు ఇందులో మూత్రమే ముఖ్యంగా కనిపిస్తుంది. పెన్సిలిన్ రక్తంలో దాదాపు అరగంటకోసారి సగానికి పడిపోతుంది. కిడ్నీలు దాన్ని అంత వేగంగా బయటికి నెట్టేస్తాయి. మందు బలమైనదా కాదా అన్న ప్రశ్న పక్కన ఎంతసేపు నిలుస్తుంది అన్న ప్రశ్న పెన్సిలిన్ వాడకం మొదలైన రోజు నుంచే ఉంది.

అమెరికాలో హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త 1940ల చివర్లో, 1950ల మొదట్లో జంతువుల మీద ఈ విషయాన్నే తవ్వాడు. పెన్సిలిన్ గాఢత ఒక హద్దు దాటాక ఇంకా పెంచినా చంపే వేగం పెరగడం లేదు. ఆ హద్దుకు పైన ఎన్ని గంటలు ఉందన్నదే ఫలితాన్ని తేల్చింది. కారణం మందు పనిచేసే తీరులోనే ఉంది. పెన్సిలిన్ జాతి మందులు కణగోడ కట్టే ఎంజైములకు అతుక్కుని వాటిని ఆపేస్తాయి. ఉన్న ఎంజైములన్నీ మూతపడ్డాక అదనంగా వచ్చిన మందుకు చేయడానికి పని ఉండదు. ఎమ్‌ఐసీకి నాలుగైదు రెట్లు దాటితే చాలు, ఆ స్థితి వచ్చేసినట్టే.

జెంటామైసిన్, అమికాసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ల తీరు దీనికి సరిగ్గా ఎదురు. వాటిలో శిఖరం ఎత్తే ప్రధానం. రక్తంలో గరిష్ఠ గాఢత ఎమ్‌ఐసీకి ఎనిమిది నుంచి పది రెట్లు ఉంటే మేలు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలాక మందు దిగిపోయినా బ్యాక్టీరియా కొన్ని గంటలు తేరుకోలేదు. దీన్ని పోస్ట్-యాంటీబయోటిక్ ఎఫెక్ట్ అంటారు. కిడ్నీ కణాలు ఈ మందును పీల్చుకునే వేగానికి ఒక పరిమితి ఉంది కాబట్టి, రోజు మోతాదంతా ఒకేసారి ఇస్తే కిడ్నీలకు హాని కూడా తగ్గుతుంది. ఒకప్పుడు ఎనిమిది గంటలకోసారి ఇచ్చిన ఈ మందులు ఎక్కువగా రోజుకోసారి మోతాదుకు మారడానికి ఈ రెండూ కారణాలు.

ఈ తేడాలను తేల్చడం వినడానికి తేలికగా ఉంటుంది గానీ చేయడం తేలిక కాదు. మోతాదు పెంచితే శిఖరం పెరుగుతుంది, మందు మొత్తం పెరుగుతుంది, ఎమ్‌ఐసీ పైన ఉండే సమయమూ పెరుగుతుంది. మూడూ కలిసే పెరుగుతాయి. రోగి బాగుపడితే దేనివల్ల బాగుపడ్డాడని చెబుతాం? అమెరికాలోని విస్కాన్సిన్‌లో విలియమ్ క్రేగ్ బృందం ఈ ముడిని ఎలుకల తొడల మీద విప్పింది. ముందు ఎలుకల్లో తెల్ల రక్తకణాలను తగ్గిస్తారు, లేకపోతే ఏది మందు పనో, ఏది శరీరం పనో తేలదు. తొడ కండరంలో బ్యాక్టీరియా ఎక్కిస్తారు. తర్వాత రోజుకు ఒకే మొత్తం మందును కొన్నిటికి ఒక్కసారిగా, కొన్నిటికి రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా పంచి ఇస్తారు. మొత్తం మారదు, శిఖరం మారుతుంది, సమయం మారుతుంది. ఇరవై నాలుగు గంటలకు తొడలో మిగిలిన బ్యాక్టీరియాను లెక్కపెట్టి, ఏ కొలతతో ఆ సంఖ్య చక్కగా సరిపోతుందో చూస్తారు. మందు మొత్తాన్ని మార్చకుండా పంపకాన్ని మాత్రమే మార్చడం అనే చిన్న ఆలోచన ఈ రంగానికి వ్యాకరణం ఇచ్చిందని నా అభిప్రాయం.

ఆ వ్యాకరణంలో మూడు సూచికలున్నాయి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్, కార్బపెనెమ్ జాతులకు రోజులో ఎంత శాతం సమయం స్వేచ్ఛగా ఉన్న మందు, అంటే రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కోని మందు, ఎమ్‌ఐసీ పైన ఉందన్నది చూస్తారు. కార్బపెనెమ్‌లకు 40 శాతం, పెన్సిలిన్లకు 50, సెఫలోస్పోరిన్లకు 60 నుంచి 70 శాతం ఉంటే బాగా చంపుతాయి. అమైనోగ్లైకోసైడ్లకు శిఖరం చూస్తారు. వాంకోమైసిన్, ఫ్లోరోక్వినోలోన్ల లాంటి వాటికి ఇరవై నాలుగు గంటల గాఢత గీత కింద వైశాల్యాన్ని, అంటే ఏయూసీని, ఎమ్‌ఐసీతో భాగిస్తారు. రోజుకు మూడుసార్లు అని రాసిచ్చిన అమాక్సిసిలిన్‌ను మెలకువగా ఉన్న పగటి పూటే మూడుసార్లూ మింగేస్తే రాత్రి పొడవునా ఖాళీ వస్తుంది. డాక్టర్లు "ఎనిమిది గంటలకోసారి" అని నొక్కి చెప్పేది ఈ లెక్కతోనే.

దీనికి అందమైన ఉదాహరణ సిఫిలిస్. ఆ బ్యాక్టీరియా సుమారు 30 గంటలకోసారి మాత్రమే రెట్టింపవుతుంది. పెన్సిలిన్‌కు చాలా తేలిగ్గా లొంగుతుంది. అందుకే కండరంలో వేస్తే వారాల తరబడి కొద్దికొద్దిగా కరిగే బెంజథైన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్ల ఒకే ఇంజెక్షన్, తొలిదశ సిఫిలిస్‌కు సరిపోతుంది. రక్తంలో గాఢత ఎప్పుడూ అతి స్వల్పమే. కానీ తెంపు లేకుండా ఉంటుంది.

రక్తం నుంచి ఇన్ఫెక్షన్ దాకా

ఇంతవరకూ చెప్పిన గాఢతలన్నీ రక్తంలోవి. బ్యాక్టీరియా చాలాసార్లు రక్తంలో ఉండదు. కణాల మధ్య ఉండే పలుచని ద్రవంలో ఉంటుంది. రక్తంలోని మందులో కొంత భాగం ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. సెఫ్ట్రయాక్సోన్‌లో ఇది 85 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. అతుక్కున్నది రక్తనాళం దాటదు, బ్యాక్టీరియానూ తాకదు. మిగిలిన స్వేచ్ఛా భాగమే పని చేస్తుంది. కండరం, చర్మం లాంటి చోట్ల రక్తనాళాల గోడల్లో సందులు ఉంటాయి కాబట్టి స్వేచ్ఛా మందు సులభంగానే దాటుతుంది. అక్కడ రక్తంలో స్వేచ్ఛగా ఉన్న గాఢత చూసి కణజాలంలో ఎంత ఉందో చాలావరకు అంచనా వేయవచ్చు. మెదడు, కన్ను, ప్రోస్టేట్ లాంటి చోట్ల గోడలు గట్టివి. అక్కడ ఈ అంచనా చెల్లదు.

శాతాల గొడవ ఇక్కడే మొదలవుతుంది. రక్తం నుంచి వెన్నుపాము ద్రవంలోకి మందు వెళ్లడానికి సమయం పడుతుంది, అలాగే బయటికి రావడానికీ పడుతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన గంటకు రక్తంలో 40, వెన్నుపాము ద్రవంలో 2 యూనిట్లు ఉన్నాయనుకోండి. చేరిక 5 శాతం. ఎనిమిది గంటలకు రక్తంలో 2కు పడిపోయి, ద్రవంలో 4 ఉందనుకోండి. ఇప్పుడు చేరిక 200 శాతం. రోగి అదే, మందు అదే, అంకె మాత్రం నలభై రెట్లు మారింది. ఏ గంటకు సూది గుచ్చారో చెప్పకుండా చేరిక శాతం చెప్పడం వల్ల ఉపయోగం లేదు. రెండు చోట్లా గంటగంటకూ కొలిచి, గీతల కింద వైశాల్యాలను పోల్చినప్పుడే దానికి అర్థం ఉంటుంది. మనిషి వెన్నులో గంటకోసారి సూది గుచ్చలేం కదా. అందుకే చాలామంది రోగుల నుంచి వేర్వేరు వేళల్లో ఒక్కొక్క నమూనా తీసుకుని, గణిత నమూనాతో అందరి చుక్కలనూ కలిపి ఒక గీత గీస్తారు.

పాత పరిశోధనల్లో ఇంకా పెద్ద పొరపాటు జరిగేది. ఆపరేషన్‌లో తీసిన కణజాలం ముక్కను మెత్తగా రుబ్బి అందులో మందు ఎంతుందో కొలిచేవారు. వీధిలో ఎంతమంది తిరుగుతున్నారని అడిగితే, ఇళ్లలో పడుకున్నవాళ్లను కూడా కలిపి లెక్క చెప్పినట్టుంటుందది. పెన్సిలిన్ జాతి మందులు కణాల లోపలికి పెద్దగా వెళ్లవు. రుబ్బితే కణాల లోపలి నీరు కలిసి వాటి గాఢత పలుచబడి తక్కువగా కనిపిస్తుంది. అజిత్రోమైసిన్ దీనికి తలకిందులు. అది కణాల లోపల విపరీతంగా పోగవుతుంది. రుబ్బిన ముద్దలో ఆకాశాన్నంటే అంకె వస్తుంది, కణాల మధ్య ద్రవంలో స్వేచ్ఛగా ఉన్నది మాత్రం చాలా తక్కువ. బ్యాక్టీరియా కణాల లోపల దాక్కునే రకమైతే ఆ పోగు ఉపయోగమే. బయట ఉండే రకమైతే ఆ అంకె చూసి మురిసిపోవడం అనవసరం. కణాలను పిండి చేసి తీసిన ఇలాంటి అంకెలతో వచ్చిన ప్రచారాన్ని నేను పట్టించుకోను.

సన్నని గొట్టంతో గంటగంటకూ

ఈ ఇబ్బందికి దొరికిన మంచి మార్గం మైక్రోడయాలిసిస్. మొదట మెదడు పరిశోధనల్లో పుట్టింది. 1990లలో వియన్నా పరిశోధకులు దీన్ని యాంటీబయోటిక్‌ల వైపు గట్టిగా మళ్లించారు. వెంట్రుకంత కాకపోయినా బాగా సన్నగా ఉండే గొట్టాన్ని కండరంలోనో, చర్మం కింది కొవ్వులోనో, ఆపరేషన్ సమయంలో ఊపిరితిత్తిలోనో పెడతారు. గొట్టం కొసన ఒక జల్లెడ పొర ఉంటుంది. లోపలి నుంచి నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున ద్రవం పారుతుంటుంది. చుట్టూ ఉన్న మందు అణువులు పొర దాటి ఆ ద్రవంలోకి వస్తాయి. ప్రొటీన్లు పెద్దవి కాబట్టి దాటలేవు. అంటే అందులోకి వచ్చేది స్వేచ్ఛా మందు మాత్రమే, వచ్చేది కూడా కణాల మధ్య ద్రవం నుంచే. ఇరవై ముప్ఫై నిమిషాలకో చిన్న సీసా మారుస్తూ పోతే, ఒకే మనిషిలో ఒకే చోట గాఢత ఎలా ఎక్కి దిగిందో పూర్తి గీత దొరుకుతుంది.

దీనికీ తలనొప్పులున్నాయి. ద్రవం పారుతూనే ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న మందు మొత్తం లోపలికి రాదు, కొంత భాగమే వస్తుంది. ఆ భాగం ఎంతో తేల్చడానికి ఎదురు పరీక్ష చేస్తారు. పారే ద్రవంలోనే తెలిసినంత మందు కలిపి, అందులో ఎంత బయటికి పోయిందో చూస్తారు. పోయిన నిష్పత్తిలోనే వస్తుందని లెక్క. కొవ్వులో కరిగే మందులు గొట్టానికే అతుక్కుపోయి లెక్క తప్పిస్తాయి. చీము లోపల, ఎముక లోపల గొట్టం పెట్టడం అంత సులభం కూడా కాదు. గొట్టం మందును కొలుస్తుంది గానీ, పక్కన బ్యాక్టీరియా చస్తోందో లేదో చెప్పదు.

అయినా ఇది బయటపెట్టిన విషయాలు చిన్నవి కావు. 2001లో వియన్నా బృందం సెప్టిక్ షాక్‌లో ఉన్న రోగుల చర్మం కింద పెన్సిలిన్ జాతి మందైన పైపెరాసిలిన్‌ను కొలిచింది. ఆరోగ్యవంతులతో పోలిస్తే శిఖర గాఢత 5 నుంచి 10 రెట్లు తక్కువగా ఉంది. షాక్‌లో రక్తపోటు పడిపోయి చిన్న రక్తనాళాల్లో ప్రవాహం దెబ్బతింటుంది, కణజాలంలో నీరు చేరి ఉబ్బుతుంది. రక్తపరీక్షలో మందు చాలినంత ఉన్నట్టు కనిపించినా కణజాలంలో అది దాదాపు లేకపోవచ్చు. అందరికంటే మందు ఎక్కువ అవసరమైన రోగిలోనే అది చేరాల్సిన చోటికి చేరడం లేదు.

ఊపిరితిత్తుల గాలిగదుల గోడల మీది ద్రవానికి వేరే ఉపాయం వాడతారు. ఊపిరితిత్తుల్లోకి దింపే బ్రాంకోస్కోప్ అనే సన్నని గొట్టంతో సెలైన్ పోసి వెనక్కి లాగుతారు. పోసిన సెలైన్‌తో అసలు ద్రవం ఎంత పలుచబడిందో తెలియాలి కదా. యూరియా శరీరమంతా దాదాపు సమానంగా పరుచుకుంటుంది కాబట్టి, రక్తంలో యూరియాను లాగిన ద్రవంలోని యూరియాతో పోల్చి ఎన్ని రెట్లు పలుచబడిందో లెక్కిస్తారు. తెలివైన పద్ధతే. కానీ లాగేటప్పుడు కణాలు చితికితే లోపలి మందు కూడా కలిసిపోతుంది. అజిత్రోమైసిన్ లాంటి వాటికి ఇక్కడా అదే సమస్య.

క్షయ గడ్డ లోపల

చోటు, సమయం రెండూ కలిసి అత్యంత జటిలంగా ఉండేది క్షయలో. ఊపిరితిత్తిలో గ్రాన్యులోమా అనే గడ్డ ఏర్పడుతుంది. అంచున రక్తనాళాలు, రక్షణ కణాలు ఉంటాయి. నడుమ చచ్చిన కణాల మెత్తటి ముద్ద ఉంటుంది, దాన్ని కేసియం అంటారు. అందులో రక్తనాళం ఒక్కటీ ఉండదు. మందు లోపలికి పోవాలంటే అంచు నుంచి మెల్లగా ఇంకుతూ పోవాలి. ఆ ముద్దలో ఉన్న బ్యాక్టీరియా దాదాపు నిద్రావస్థలో ఉంటుంది. చికిత్స నెలల తరబడి సాగడానికి అది ఒక ముఖ్య కారణం.

వెరోనిక్ డార్టోయిస్ అనే పరిశోధకురాలి బృందం, ఆపరేషన్‌లో రోగుల నుంచి తీసిన ఊపిరితిత్తి ముక్కలను లేజర్ సాయంతో చుక్క చుక్కగా పరిశీలించే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇమేజింగ్‌తో చూసింది. 2015లో ప్రచురితమైన ఆ చిత్రాల్లో ఒక్కో మందు ఒక్కో చోట వెలిగింది. పైరజినమైడ్ సులభంగా కేసియంలోకి ఇంకింది. రిఫాంపిసిన్ మొదటి మోతాదుతో పెద్దగా చేరకపోయినా రోజులు గడిచేకొద్దీ అక్కడ పోగయింది. ల్యాబ్‌లో ఎంతో బలమైన మోక్సిఫ్లోక్సాసిన్ మాత్రం అంచు కణాల్లోనే నిండిపోయి నడుమకు సరిగా చేరలేదు. మోక్సిఫ్లోక్సాసిన్‌తో క్షయ చికిత్సను నాలుగు నెలలకు కుదించాలని చేసిన పెద్ద ట్రయల్ ఒకటి అంతకు ఏడాది ముందే విఫలమైంది. ఆ వైఫల్యానికి ఈ చిత్రాలు ఒక్కటే వివరణ అనను గానీ, బలమైన వివరణే. రిఫాంపిసిన్ సంగతి మరీ గమనించదగ్గది. మొదటి రోజు మాత్రమే కొలిచి ఉంటే, చేరదని రాసేసేవారు.

అలాంటి చిత్రాలకు కణజాలం కోసి తీయాలి, అంటే ఒకే క్షణం దొరుకుతుంది. బతికున్న రోగిలో కాలంతో పాటు చూడటానికి అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో సంజయ్ జైన్ బృందం రిఫాంపిసిన్‌లో రేడియోధార్మిక కార్బన్-11 కలిపి పెట్ స్కాన్ చేసింది. 2020లో వచ్చిన ఫలితాల్లో ఒకే రోగి ఊపిరితిత్తుల్లోని వేర్వేరు గడ్డలకు వేర్వేరు మోతాదుల్లో మందు అందింది. అన్నిటికంటే తక్కువ అందింది కుహరాల గోడలకు, అంటే క్షయ వల్ల ఊపిరితిత్తిలో పడే బోలు గుంటల గోడలకు. కార్బన్-11 ఇరవై నిమిషాలకోసారి సగమైపోతుంది కాబట్టి గంటకు మించి పెద్దగా చూడలేం. రోజుల తరబడి పోగయ్యే తీరు ఈ స్కాన్‌కు అందదు.

చోటు కూడా మారుతుంది

మందు గాఢత మారుతుండగా చోటు స్థిరంగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. మెనింజైటిస్‌లో మెదడు పొరలు వాచినప్పుడు గోడ వదులై పెన్సిలిన్ లోపలికి బాగానే వెళ్తుంది. రోగి కోలుకుంటుంటే వాపు తగ్గుతుంది, గోడ మళ్లీ బిగుసుకుంటుంది, మందు చేరిక పడిపోతుంది. జ్వరం తగ్గిందని మధ్యలో మోతాదు తగ్గించకపోవడానికి కారణం ఇదే. వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇస్తే వాంకోమైసిన్ చేరిక కూడా తగ్గే ప్రమాదం ఉంది. చీముగడ్డలో ఆక్సిజన్ తక్కువ, ఆమ్లత్వం ఎక్కువ. అమైనోగ్లైకోసైడ్లను బ్యాక్టీరియా లోపలికి లాక్కోవడానికి ఆక్సిజన్ కావాలి. కాబట్టి మందు గడ్డలోకి చేరినా పని జరగదు. చీము తీసేస్తే బ్యాక్టీరియా సంఖ్య పడిపోతుంది, అక్కడి వాతావరణమూ మారుతుంది.

బ్యాక్టీరియా కూడా మారుతుంది. 1944లో జోసెఫ్ బిగర్ అనే శాస్త్రవేత్త స్టెఫిలోకోకస్ మీద పెన్సిలిన్ వేసి, లక్షల్లో ఒకటి చొప్పున బతికిపోవడం గమనించాడు. వాటిని మళ్లీ పెంచితే వాటి సంతానం పెన్సిలిన్‌కు మామూలుగానే లొంగింది. అంటే అవి రెసిస్టెంట్ కావు, తాత్కాలికంగా నిద్రలో ఉన్నవి. వాటికి ఆయన పెర్సిస్టర్లు అని పేరు పెట్టాడు. అసలైన రెసిస్టెన్స్ వేరే కథ. పెద్ద గుంపులో ముందే ఒకటో రెండో మార్పు చెందిన బ్యాక్టీరియా ఉంటుంది. మామూలువన్నీ చచ్చి వీటికి మాత్రం తగలని మధ్యస్థ గాఢతలో మందు గంటల తరబడి నిలిస్తే, మైదానం వాటిదే అవుతుంది.

దీన్ని చూడాలంటే ఒక రోజు ప్రయోగం చాలదు. దానికోసమే హాలో ఫైబర్ నమూనా వచ్చింది. వేల సంఖ్యలో సన్నని పోగు గొట్టాలున్న డబ్బాలో, గొట్టాల బయట బ్యాక్టీరియాను పెంచుతారు. గొట్టాల లోపలి నుంచి మందు కలిపిన ద్రవాన్ని పంపుతారు. పంపుల వేగం మార్చి, మనిషిలో మందు ఎలా ఎక్కి దిగుతుందో అలాగే ఇక్కడా నడిపిస్తారు. కణజాలంలో మైక్రోడయాలిసిస్‌తో దొరికిన గీతనే ఇందులో ఆడించవచ్చు. రోజుల పాటు, క్షయకైతే వారాల పాటు నడుస్తుంది. మొదటి రోజు లెక్క చూసి మందు గెలిచిందనుకున్న ప్రయోగాలు మూడో నాలుగో రోజుకు రెసిస్టెంట్ బ్యాక్టీరియాతో నిండిపోవడం ఇందులో కనిపిస్తుంది. యూరప్ ఔషధ సంస్థ ఈఎమ్‌ఏ 2015లో దీన్ని క్షయ మందుల అభివృద్ధికి పనికొచ్చే పద్ధతిగా గుర్తించింది. ఇందులో తెల్ల రక్తకణాలు లేవు, కేసియం లేదు. మామూలు ఎలుకలో తెల్ల రక్తకణాలు ఉన్నా మందు మనిషిలోకంటే చాలా వేగంగా కరిగిపోతుంది. ఏ నమూనా తీసుకున్నా ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

మంచం పక్కన

ఈ పరిజ్ఞానం చికిత్సను ఇప్పటికే కొంత మార్చింది. వాంకోమైసిన్‌కు 2009 మార్గదర్శకాలు తర్వాతి మోతాదుకు ముందున్న అడుగు గాఢత లీటరుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు ఉండాలన్నాయి. కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువైంది. 2020లో సవరించి, తీవ్రమైన స్టెఫిలోకోకస్ ఇన్ఫెక్షన్లలో రోజు మొత్తం ఏయూసీ 400 నుంచి 600 మధ్య ఉంచమన్నారు. ఒక చుక్క నుంచి గీత వైపు జరిగారన్నమాట.

పెన్సిలిన్ జాతి మందుల్లో పరీక్ష ఇంకా పెద్దది. గంటలే ముఖ్యమైతే విడివిడి మోతాదుల బదులు రోజంతా సన్నగా ఎక్కిస్తూ ఉంటే మేలు కావాలి. బ్లింగ్-3 అనే ట్రయల్‌లో 7 దేశాల ఐసీయూల్లో సుమారు 7,000 మంది సెప్సిస్ రోగులకు పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ గానీ మెరోపెనెమ్ గానీ ఈ రెండు విధాలుగా ఇచ్చి పోల్చారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం 90 రోజుల్లో మరణాలు నిరంతరం ఎక్కించిన వారిలో 24.9 శాతం, విడివిడిగా ఇచ్చిన వారిలో 26.8 శాతం. గణాంకాల ప్రకారం ఈ తేడా కచ్చితమని చెప్పడానికి లేదు. నయమైనవారు మాత్రం 55.7, 50 శాతం. అదే సమయంలో పాత ట్రయల్స్ అన్నిటితో కలిపి చేసిన విశ్లేషణలో మరణాలు తగ్గినట్టే తేలింది.

తేడా ఇంత చిన్నదేమిటని నిరాశపడినవాళ్లున్నారు. నాకైతే ఇది ఊహించదగ్గదే అనిపిస్తుంది. తేలిగ్గా లొంగే బ్యాక్టీరియా ఉన్న రోగికి మామూలు మోతాదులతోనే ఎమ్‌ఐసీ పైన గంటలు సరిపోతాయి, నిరంతరం ఎక్కించడం వల్ల అతనికి అదనంగా ఒరిగేది తక్కువ. ఎమ్‌ఐసీ ఎక్కువున్న బ్యాక్టీరియా, మందును వేగంగా తోసేసే కిడ్నీలు, ప్రవాహం తగ్గిన కణజాలం ఉన్నవారికే అసలు లాభం. వాళ్లు ఆ 7,000 మందిలో ఎవరెవరో విడదీసి చెప్పాలంటే రక్తనాళంలోకి మందు ఎలా ఎక్కించారో తెలిస్తే చాలదు. ఇన్ఫెక్షన్ ఉన్న చోట గంటగంటకూ ఎంత ఉందో, ఆ గంటల్లో బ్యాక్టీరియా ఎంత చచ్చిందో ఒకే రోగిలో కలిపి కొలవాలి. మందును కొలిచే గొట్టం ఉంది. పక్కనే బ్యాక్టీరియాను లెక్కపెట్టే గొట్టం ఇంకా రాలేదు.